దండచేయి కండరం వాచినప్పుడు: జెల్, ఐస్ ప్యాక్, రబ్బరు బ్యాండ్‌ల పనితీరు

దండచేయి కండరం పట్టేసి వాచినప్పుడు చాలామంది కొనుక్కునే వస్తువులు ఐదు: డైక్లోఫెనాక్ జెల్, ఐస్ ప్యాక్, మెంథాల్ కలిసిన బామ్, చేతికి తొడుక్కునే ఎలాస్టిక్ తొడుగు, వ్యాయామానికి వాడే రబ్బరు బ్యాండ్. బరువైన పెట్టెను ఎత్తు నుంచి దించుతుండగా నా చేతి ముందువైపు కండరం దెబ్బతిన్న తర్వాత, ఫిజియోథెరపిస్టు సలహా తీసుకుంటూ ఈ ఐదింటినీ వాడి చూశాను. తొలి రోజులకు ఐస్ ప్యాక్, మొదటి రెండు మూడు వారాలకు జెల్ కొనదగినవి. కండరాన్ని మళ్లీ పనిలోకి తెచ్చేది మాత్రం బ్యాండ్. బామ్, తొడుగు లేకపోయినా లోటేమీ ఉండదు. చాలా ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు: జెల్ గొట్టాలు ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ అవుతుంటాయి, బ్యాండ్ కొనాలన్న ఆలోచనే రాదు, చెయ్యి నెలల తరబడి బలహీనంగానే ఉండిపోతుంది. అందుకే ఏ వస్తువు ఎంతవరకు పని చేస్తుందో, ఎక్కడ దాని శక్తి అయిపోతుందో కొంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా వాచింది ఏ భాగమో తెలియాలి. దండచేయి ముందువైపు పైకి కనిపించే కండరం బైసెప్స్. దాని అడుగున, భుజాస్థిని, అంటే దండచేయి ఎముకను, అంటిపెట్టుకుని బ్రాకియాలిస్ అనే మరో కండరం ఉంటుంది. వెనకవైపున ఉండేది మూడు తలల, అంటే ఎముకలకు అతుక్కునే మూడు పై కొనలున్న, ట్రైసెప్స్. బైసెప్స్‌కు పైభాగంలో రెండు తలలు ఉంటాయి. వాటిలో పొడవైన తలకు చెందిన టెండాన్, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనం, భుజాస్థి పైభాగంలోని సన్నని గాడి గుండా సాగి, భుజం కీలు లోపలికి వెళ్లి రెక్క ఎముకకు అతుక్కుంటుంది. ఆ గాడి ఉన్న చోట, అంటే భుజం ముందుభాగాన వేలితో నొక్కితే చురుక్కుమంటే టెండాన్ వాపును అనుమానించాలి. కండ మధ్యలో సలుపు ఉండి, మోచేతిని పూర్తిగా చాచబోతే లోపల లాగినట్టు అనిపిస్తే కండర తంతువులు కొంత చిరిగి ఉండవచ్చు. ఇక దండచేయి బయటివైపు, భుజాన్ని కప్పి ఉండే డెల్టాయిడ్ కండరం ఎముకకు అతుక్కునే చోట నొప్పి అని చూపించేవారిలో చాలామందికి అసలు లోపం అక్కడ ఉండదు. భుజం కీలును పట్టి ఉంచే రొటేటర్ కఫ్ అనే కండరాల సముదాయంలో ఉంటుంది. అలాంటివారు నొప్పి తెలిసే చోట ఎంత జెల్ రాసినా అది చేరవలసిన చోటికి చేరదు. వాడినవారిలో కొందరు జెల్ పని చేయలేదని చెప్పడానికి ఇది ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. అలవాటు లేని వ్యాయామం చేశాక మొదలై, 24 నుంచి 72 గంటల మధ్య తీవ్రమై, తనంతట తాను తగ్గిపోయే ఒళ్లునొప్పికి ఈ వస్తువులేవీ కొనవలసిన పని లేదు.

వీటిలో దేన్నీ కొనకుండా నేరుగా వైద్యుని దగ్గరికి వెళ్లవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటిని సమీక్ష మధ్యలో ఎక్కడో దాచడం సరికాదు. ఎడమ చేతి నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఊపిరాడకపోవడం ఉంటే అది గుండెపోటు కావచ్చు, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయరాదు. టప్పుమన్న చప్పుడుతో నొప్పి మొదలై కండ ఒక వైపుకు ముద్దగా జారితే టెండాన్ తెగి ఉండవచ్చు. జ్వరంతో పాటు చెయ్యి ఎర్రగా, వేడిగా మారితే ఇన్ఫెక్షన్‌ను, చెయ్యి మొత్తం ఉబ్బి నీలంగా మారితే సిరలో గడ్డకట్టిన రక్తాన్ని అనుమానించాలి. విపరీతమైన శ్రమ చేసిన తర్వాత కండరాలు గట్టిగా వాచి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే దెబ్బతిన్న కండరాల నుంచి రక్తంలోకి చేరిన మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ మూత్రపిండాలను దెబ్బతీసే ప్రమాదం ఉంది. నొప్పి పెద్దగా లేకుండానే రెండు చేతుల పైభాగాలు, తొడలు వారాల తరబడి బలహీనపడుతూ, తల దువ్వుకోవడం, కుర్చీలోంచి లేవడం కష్టమవుతుంటే అది మయోసైటిస్ కావచ్చు. అందులో శరీరపు రోగనిరోధక వ్యవస్థే కండరాల మీద దాడి చేస్తుంది. రక్తంలో క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ పరీక్ష, ఎమ్మారై, అవసరమైతే కండరపు ముక్క తీసి చేసే బయాప్సీ ద్వారా దాన్ని నిర్ధారించి, స్టెరాయిడ్లు మొదలైన మందులతో చికిత్స చేస్తారు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడేవారిలో కూడా కండరాల నొప్పులు రావచ్చు కాబట్టి, ఆ మాత్రలు వాడుతున్నవారు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

ఇవేవీ కాని మామూలు గాయంలో వాపు ఎందుకు వస్తుందో తెలిస్తే వస్తువుల ఎంపిక సులువవుతుంది. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే నాలుగు లక్షణాలను రోమన్ రచయిత సెల్సస్ క్రీ.శ. 1వ శతాబ్దంలోనే నమోదు చేశాడు. కండర తంతువులు చిరిగిన కొన్ని గంటలలోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరతాయి, వాటి వెనక మాక్రోఫేజ్‌లు వచ్చి చచ్చిన కణాల శిథిలాలను తినేస్తాయి. ఈ శుభ్రపరిచే పని ముగిశాక మాక్రోఫేజ్‌లే స్వభావం మార్చుకుని కొత్త తంతువుల పెరుగుదలకు సంకేతాలు పంపుతాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో గుర్తించిన శాటిలైట్ కణాలు, అంతవరకు కండర తంతువుల అంచున నిద్రాణంగా ఉన్నవి, అప్పుడు మేల్కొని విభజన చెంది కొత్త కండరాన్ని కడతాయి. అంటే వాపు అనేది పూర్తిగా అణిచివేయవలసిన శత్రువు కాదు, మరమ్మతుకు అదే మొదటి మెట్టు. కొన్ని రోజుల వాపు, ఆ తర్వాత కొన్ని వారాల కొత్త కణజాల నిర్మాణం, ఆ మీదట నెలల పాటు సాగే దృఢీకరణ: ఈ వరుసలో ఏ వస్తువు ఎక్కడ సాయపడుతుందన్నదే నేను కొలమానంగా పెట్టుకున్నాను.

ఐస్ ప్యాక్ విషయం తేలికగా తేలిపోతుంది. అది నొప్పిని మొద్దుబారుస్తుంది, అంతకుమించి దాని నుంచి ఆశించకూడదు. విశ్రాంతి, ఐస్, కట్టు, ఎత్తులో ఉంచడం అనే నాలుగు మాటల సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన వైద్యుడు గేబ్ మిర్కిన్ స్వయంగా 2014లో, ఐస్, పూర్తి విశ్రాంతి రెండూ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని రాశారు. ఆయన అలా తన మాటను తానే సవరించుకోవడం నాకు గౌరవం కలిగించింది. కాబట్టి తొలి రెండు రోజుల్లో, నిద్ర పట్టనంత నొప్పి ఉన్నప్పుడు, పలుచని గుడ్డ చుట్టి 10 నుంచి 15 నిమిషాల పాటు పెడితే చాలు. కొనేటప్పుడు చూడవలసింది ఒక్కటే: ఫ్రీజర్‌లోంచి తీశాక కూడా మెత్తగా వంగాలి. నేను మొదట కొన్నది పలకలా గట్టిపడి దండచేయి గుండ్రదనం మీద రెండు అంచులే ఆనేవి, చల్లదనమంతా ఒక గీతలా ఒకే చోట పడేది. రెండోది చెయ్యి చుట్టూ మడత పడి, పట్టీతో కట్టుకోవడానికి వీలుగా ఉంది. చర్మం మీద నేరుగా పెడితే చలికి చర్మం కమిలిపోతుంది. స్పర్శ సరిగా తెలియని మధుమేహ రోగులు దీనికి దూరంగా ఉండటం మేలు. మూడో రోజు దాటాక గోరువెచ్చని కాపడమే హాయిగా ఉంటుంది, దానికి ప్రత్యేకంగా ఏమీ కొనక్కర్లేదు. ఒక్క మినహాయింపు ఉంది: బలమైన దెబ్బ తగిలి కండ లోపల రక్తం గూడుకట్టినప్పుడు తొలి రోజుల్లో కాపడం పెట్టకూడదు, మర్దన అసలే చేయకూడదు. అలాంటి గాయాలలో కొన్నిసార్లు కండరం లోపలే ఎముక ఏర్పడుతుంది, బ్రాకియాలిస్‌లో ఇది ఎక్కువగా కనిపించే సమస్య.

డైక్లోఫెనాక్ జెల్‌ను నేను ఎక్కువ శ్రద్ధగా పరిశీలించాను, ఎందుకంటే దీన్ని సరిగ్గా వాడేవారు తక్కువ. ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని అడ్డుకుని ఈ తరహా మందులు నొప్పిని తగ్గిస్తాయి. ఆస్పిరిన్ పని చేసే ఈ మార్గాన్ని జాన్ వేన్ 1971లో వెల్లడించారు, 1982లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఆయన ఒకరు. జెల్ రూపంలో రాసినప్పుడు మందు చర్మం కిందనున్న కణజాలంలో చేరుతుంది, రక్తంలోకి వెళ్లేది మాత్రతో పోలిస్తే సుమారు 6% మాత్రమే. కడుపులో పుండ్లు, మూత్రపిండాల మీద భారం వంటి ఇబ్బందులు మాత్రలతో ఉన్నంతగా జెల్‌తో ఉండకపోవడానికి కారణం ఇదే. బెణుకులు, కండరాల గాయాల వంటి కొత్త నొప్పుల మీద 2015లో, వైద్య అధ్యయనాలను కలిపి విశ్లేషించే కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్షలో, డైక్లోఫెనాక్ ఎమల్షన్ జెల్ వాడిన 10 మందిలో దాదాపు 8 మందికి వారం రోజుల్లో నొప్పి బాగా తగ్గగా, మందు లేని జెల్ వాడిన 10 మందిలో ఇద్దరికే తగ్గింది. ఆ అంకె రెండు అధ్యయనాల మీదే ఆధారపడిందన్నది గుర్తుంచుకోవాలి. మరోవైపు, అమెరికాలో 2020 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరుకుతున్న 1% జెల్ కీళ్ల అరుగుదల నొప్పికి ఉద్దేశించింది, బెణుకులకు, కండరాల గాయాలకు పని చేస్తుందని రుజువు కాలేదని దాని పెట్టె మీదే ముద్రించి ఉంటుంది. ఈ రెండు మాటలూ పరస్పర విరుద్ధంగా కనిపించినా, ఏ ఉపయోగం కోసం అనుమతి కోరి పరీక్షలు చేశారో దానికే అనుమతి వస్తుందని తెలిస్తే అందులో వింతేమీ లేదు.

మోతాదు దగ్గరే చాలామంది జెల్‌కు అన్యాయం చేస్తారు. బఠానీ గింజంత తీసి రాస్తే ఫలితం ఉండదు. పైశరీరంలోని కీళ్లకు ఒక్కోసారి 2 గ్రాముల చొప్పున రోజుకు నాలుగు సార్లు రాయాలన్నది అమెరికాలో 1% జెల్‌కు నిర్ణయించిన మోతాదు, దాన్ని కొలవడానికి అక్కడి పెట్టెలో గీతలున్న ప్లాస్టిక్ కార్డు కూడా ఇస్తారు. ఆ కార్డు మీద 2 గ్రాముల గీత దాకా జెల్ పరిచి చూసినప్పుడే మామూలుగా మనం రాసేది ఎంత తక్కువో తెలుస్తుంది. అంతటినీ కండ మొత్తం మీద నెమ్మదిగా పరిచి, తెల్లదనం పోయి చర్మం మీద జిగట తగ్గేదాకా మెత్తగా రుద్దాలి. గట్టిగా పిసికితే ఉన్న వాపు కాస్తా పెరుగుతుంది. రాసిన చోటును గంట వరకు కడగకూడదు, దాని మీద బిగుతు కట్టు కట్టకూడదు, కాపడం పెట్టకూడదు, ఎండ తగలనివ్వకూడదు. వైద్యుడు చెబితే తప్ప 21 రోజులకు మించి వాడకూడదని కూడా ఆ పెట్టె మీద ఉంటుంది, అది గౌరవించవలసిన హద్దు. ఆస్పిరిన్‌తో ఉబ్బసం వచ్చేవారు, గర్భిణులు, రక్తం పలుచబడే మందులు తీసుకునేవారు వైద్యుని అడగకుండా దీన్ని ముట్టకూడదు. ఇదే జాతి నొప్పి మాత్రలు మింగుతూ జెల్ కూడా రాయడం మంచిది కాదు. కొనేటప్పుడు 1% డైక్లోఫెనాక్ సోడియం, 1.16% డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ రెండూ ఒకే బలానివని తెలుసుకుంటే, అంకె పెద్దదని రెండోదాని వైపు మొగ్గనక్కర్లేదు.

నా అనుభవంలో జెల్ చేసిన గొప్ప మేలు రాత్రిళ్లు ఆ పక్కకు తిరిగి పడుకోనివ్వడం, పగలు మోచేతిని భయం లేకుండా కదిలించనివ్వడం. అది చేయలేనిదీ అంతే స్పష్టంగా కనిపించింది: నొప్పి దాదాపు పోయిన తర్వాత కూడా నీళ్లు నిండిన బకెట్ ఎత్తబోతే చెయ్యి వణికేది. ప్రోస్టాగ్లాండిన్లను ఆపినంత మాత్రాన కండరానికి బలం రాదు. నొప్పి లేదు కాబట్టి బాగైపోయిందని పాత బరువులే ఎత్తడం మొదలుపెడితే, ఇంకా పచ్చిగా ఉన్న కణజాలం మళ్లీ చిరుగుతుంది. ఈ కారణంగా జెల్‌కు నేను మంచి మార్కులే వేస్తాను గానీ, ఒంటరిగా వాడవలసిన వస్తువుగా మాత్రం ఎవరికీ సిఫారసు చేయను.

మెంథాల్ బామ్ గురించి రెండు మాటలు చాలు. మెంథాల్ చర్మంలోని చల్లదనాన్ని గుర్తించే నాడీ గ్రాహకాలను తట్టి లేపుతుంది, ఆ చల్లని అనుభూతి కొంతసేపు నొప్పిని మరిపిస్తుంది. కండరం లోపలి వాపు మీద దాని ప్రభావం లేదు. మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ అనే మరో నొప్పి మందు ఎక్కువగా ఉన్న బామ్‌ల వల్ల అరుదుగానైనా చర్మం తీవ్రంగా కాలిన సంఘటనలు ఉన్నాయని 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది, కాబట్టి రాసిన చోట మంట మొదలైతే వెంటనే కడిగేయాలి. కొన్ని నొప్పి జెల్‌లలో డైక్లోఫెనాక్‌తో పాటు ఈ రెండూ కలిపే ఉంటాయి. ఆ రకం రాసిన మీదట మళ్లీ బామ్ పూయడం చర్మానికి శిక్ష తప్ప ఇంకేమీ కాదు.

ఎలాస్టిక్ తొడుగు నాకు నచ్చలేదు. దండచేయి పైన లావుగా, కింద సన్నగా ఉండటం వల్ల అది చెయ్యి కదిలిన ప్రతిసారీ మోచేతి వైపు జారి, అక్కడ ముడతలు పడి ఒక తాడులా బిగుసుకునేది. వేళ్లు తిమ్మిరెక్కినా, చెయ్యి చల్లబడినా వెంటనే తీసేయాలి. తొడుక్కున్నంతసేపు కండ భద్రంగా ఉందన్న ధైర్యం కలుగుతుందనేది నిజమే, ఆ ధైర్యంతో కదలిక పెరిగితే మంచిదే. రాత్రి నిద్రలో మాత్రం వాడకూడదు.

ఇప్పుడు బ్యాండ్. 2019లో ఇద్దరు ఫిజియోథెరపిస్టులు, బ్లేజ్ డుబోయిస్, జాన్ ఫ్రాన్స్వా ఎస్క్యూలియే, మెత్తటి కణజాల గాయాలకు కొత్త మార్గదర్శకాన్ని ప్రతిపాదించారు. తొలి రోజుల్లో రక్షణ, ఆ తర్వాత నొప్పి పెరగని మేరకు క్రమంగా భారం పెంచడం అందులోని సారాంశం. భారం తగిలితేనే కొత్త తంతువులు లాగే దిశలో వరుసగా అమరుతాయి. ఆ భారాన్ని కొద్దికొద్దిగా, కొలిచినట్టు పెంచడానికి బ్యాండ్ కంటే అనువైన వస్తువు నాకు కనబడలేదు. ఈ బ్యాండ్‌లు తయారుచేసే థెరాబ్యాండ్ సంస్థ ప్రకటించిన లెక్క ప్రకారం, రెట్టింపు పొడవుకు సాగినప్పుడు పసుపు బ్యాండ్ సుమారు 1.3 కిలోలు, ఎరుపు 1.7, ఆకుపచ్చ 2.1, నీలం 2.6, నలుపు 3.3 కిలోల బలంతో లాగుతుంది. మెట్టుకు మెట్టుకు తేడా అర కిలో అటూ ఇటూ. డంబెల్‌లలో ఇంత సన్నని మెట్లు దొరకడం కష్టం. రంగుల వరుస అన్ని తయారీదారులకూ ఒకటి కాదు. నేను మొదట తెచ్చుకున్న, పేరు చెప్పనవసరం లేని ఒక తయారీదారు బ్యాండ్‌లతో ఏ రంగు ఎంత బలమో తెలిపే కాగితమే లేదు. అది లేని బ్యాండ్‌ను కొనవద్దనే చెబుతాను.

బ్యాండ్ పట్టుకోకముందే ఒక దశ ఉంది. మోచేతిని లంబకోణంలో ముడిచి, రెండో అరచేతిని మణికట్టు మీద ఆనించి, చెయ్యి కదలకుండా ఒకదాన్నొకటి నెట్టుకుంటూ 30 సెకన్లు నిలబెట్టాలి. కండరం పొడవు మారకుండానే పని చేస్తుంది కాబట్టి దెబ్బతిన్న తంతువులు సాగవు. ఇది నొప్పి లేకుండా చేయగలిగినప్పుడు పసుపు బ్యాండ్‌కు మారవచ్చు. బ్యాండ్ మధ్యభాగాన్ని పాదం కింద తొక్కిపట్టి, కొనను అరచేతికి ఒక చుట్టు చుట్టి, మోచేయి పక్కటెముకలను వదలకుండా రెండు సెకన్లలో పైకి ముడిచి, నాలుగు సెకన్లలో కిందికి వదలాలి. ఇందులో కిందికి వదలడమే అసలు వైద్యం. పైకి లాగడం మీద ధ్యాస పెట్టి, కిందికి రబ్బరు లాక్కుపోయినట్టు వదిలేస్తే సగం ఫలితం పోతుంది. ఆ నాలుగు సెకన్లూ కండరం సాగుతూనే బరువును ఆపుతుంది, ఆ పనికే అది బలపడుతుంది.

బ్యాండ్ లాగుడు మోచేయి పూర్తిగా ముడిచిన చోట ఎక్కువగా, చాచిన స్థితిలో తక్కువగా ఉంటుంది. చిరిగిన కండరం చాచినప్పుడే సున్నితంగా ఉంటుంది కాబట్టి మొదటి వారాలకు ఈ స్వభావం సరిగ్గా సరిపోతుంది. కొన్ని వారాలయ్యాక ఇదే లోపంగా మారుతుంది: చాచిన స్థితిలో బలం కావాలి, బ్యాండ్ అక్కడ వదులుగా ఉంటుంది. అప్పుడు బ్యాండ్‌ను పొట్టిగా పట్టుకోవాలి, లేదా చిన్న డంబెల్‌కు మారాలి. అరచేతిని పైకి తిప్పడం కూడా బైసెప్స్ పనే. తాళం తిప్పేటప్పుడు, స్క్రూ బిగించేటప్పుడు నొప్పి మిగిలిపోయిందంటే ఆ కదలికను వ్యాయామంలో వదిలేశారని అర్థం. బ్యాండ్ కొనను అరచేతికి చుట్టి, మోచేయి కదలకుండా అరచేతిని నేల వైపు నుంచి ఆకాశం వైపు తిప్పడం దానికి మందు. ఎంతవరకు నొప్పిని ఓర్చుకోవచ్చన్నదానికి ఫిజియోథెరపిస్టులు వాడే లెక్క సులువైనది: 10కి 3, 4 వరకు నొప్పి ఉన్నా ఫరవాలేదు, మరునాటి ఉదయానికి అది మామూలు స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే అంతకుముందు రంగుకు వెనక్కి వెళ్లాలి. ఈ ఒక్క నియమం కోసం, కదలికలు సరిదిద్దించుకోవడం కోసం ఒకసారైనా ఫిజియోథెరపిస్టును కలవడం ఏ జెల్ కంటే కూడా విలువైనదని నమ్ముతున్నాను. ఇంట్లో అద్దం ముందు సరిగ్గానే చేస్తున్నామనిపించిన కదలికలో భుజం ముందుకు వంగిపోతోందని ఆయన చేత్తో పట్టుకుని చూపించారు.

కొనేవారికి ఎరుపు, ఆకుపచ్చ బ్యాండ్‌లు రెండూ చాలు, బాగా బలహీనపడినవారు, పెద్ద వయసువారు పసుపును కూడా తీసుకోవాలి. పొడవు ఒకటిన్నర మీటర్లకు తగ్గితే పాదం కింద తొక్కిపట్టడం కష్టమవుతుంది. లేటెక్స్ అలర్జీ ఉన్నవారు లేటెక్స్ లేని రకం అని స్పష్టంగా రాసి ఉన్నదే ఎంచుకోవాలి. ప్రతిసారీ వాడే ముందు బ్యాండ్‌ను వెలుగుకు ఎదురుగా సాగదీసి, సన్నని చీలికలు, చిన్న రంధ్రాలు ఉన్నాయేమో చూడాలి, అవి కనిపిస్తే ముడివేసి వాడుకోకుండా పారేయాలి, సాగిన బ్యాండ్ మధ్యలో తెగితే ముఖానికి, కంటికి తగులుతుంది. జెల్ రాసిన చేత్తో పట్టుకుంటే రబ్బరు జారిపోతుంది కాబట్టి, వ్యాయామం ముగిశాకే జెల్ రాసుకోవడం మంచిది.